లాగ్ బుక్‌లో అంతా నార్మలే

సంపాదకులకు నమస్కారం.

ఫ్యాక్టరీల్లో భద్రతా వారోత్సవాల ఫొటోలు మీ జిల్లా పేజీలో చూశాను. ఏటా మార్చి 4న మొదలయ్యే తంతే ఇది. ప్రతిజ్ఞ, నినాదాల పోటీ, గెలిచినవాళ్ళకు స్టీలు డబ్బాలు. వాటి మీద నాకేమీ కోపం లేదు. కానీ పైడిభీమవరం చుట్టుపక్కల మందుల కంపెనీల్లో చాలాకాలం షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా పనిచేసి రిటైరైన మనిషిగా ఒక సంగతి రాయాలనిపించింది. అక్కడ కొరత హెల్మెట్లకీ కెమెరాలకీ కాదు. కింద పనిచేసేవాడు ‘ఇక్కడేదో తేడాగా ఉంది’ అని పైవాడితో భయం లేకుండా అనగలగాలి. అదీ లేనిది.

షిఫ్ట్ మారే వేళ చూడండి. లాగ్ బుక్‌లో ‘అంతా నార్మల్’ అని రాసి సంతకం పెడతారు. పెన్ను జేబులో పెట్టుకున్నాక, బట్టలు మార్చుకునే గది దగ్గర, డ్యూటీ ఎక్కేవాడికి అసలు కబురు చెబుతారు: ‘అన్నా, మూడో రియాక్టర్ కింద వాల్వు కొంచెం కారతంది, కనిపెట్టుకో.’ (రియాక్టర్ అంటే రసాయనాలు కలిపి మందు తయారుచేసే పెద్ద పాత్ర.) అంటే వాళ్ళిద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంది. పుస్తకం మీదే లేదు. పుస్తకంలో రాస్తే మర్నాడు ‘వాల్వు ఎప్పుడు మారుద్దాం’ అని ఎవరూ అడగరు, ‘నీ షిఫ్ట్‌లోనే ఎందుకు కారింది’ అంటారు. పర్మనెంట్ ఉద్యోగికైతే మెమో. కాంట్రాక్టు కుర్రాడికి ఆ మర్యాద కూడా ఉండదు, గేటు పాస్ ఆగిపోతుంది. ఏ పలాస నుంచో బొబ్బిలి నుంచో వచ్చి, గది అద్దెకు తీసుకుని, నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాడు ‘మనకెందుకొచ్చిన గొడవ’ అనుకోక ఏం చేస్తాడు?

త్రుటిలో తప్పిన ప్రమాదాల గురించి చీటీ రాసి వేయడానికి చాలాచోట్ల ఒక పెట్టె ఉంటుంది. ‘నియర్ మిస్’ అంటారు. వాటికీ టార్గెట్లు పెట్టారు, డిపార్ట్‌మెంట్‌కి నెలకు ఇన్ని అని. నెలాఖరుకి అందరూ కూర్చుని ‘మెట్ల మీద నీళ్ళు’, ‘హెల్మెట్ పట్టీ వదులు’ అని నింపేస్తారు. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు లెక్క చూసి మెచ్చుకుని వెళ్తారు. కారే వాల్వు ఆ పెట్టెలో పడదు. ఒకచోట ఆ పెట్టెను హెచ్‌ఆర్ గదికి ఎదురుగా, సరిగ్గా సీసీ కెమెరా కింద బిగించారు. పైన ‘పేరు రాయనవసరం లేదు’ అని బోర్డు కూడా!

ఇదంతా మేనేజర్ల దుర్మార్గం అని నేననను. ప్లాంట్ హెడ్‌కి హెడ్డాఫీసు భయం. బ్యాచ్ ఆగితే ఆయన్నీ అదే గొంతుతో అడుగుతారు. ఆ భయమే కిందకి దిగుతూ దిగుతూ ఆపరేటర్ దగ్గరకొచ్చి ఆగుతుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరి ఊరిమీద పడి 12 మంది పోయారు. ఆ ప్రమాదంపై ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఒక విషయం బయటపెట్టింది. సైరన్ మోగించే ఏర్పాటు ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల ఉంది. ఒక్కచోటా వాడలేదు. ఆ రాత్రి అక్కడున్నవాళ్ళ మనసులో ఏముందో చెప్పే హక్కు నాకు లేదు గానీ, నేను పనిచేసినచోట మాత్రం సైరన్ ముట్టుకోవాలంటే ముందు ఫోన్ చేసి అడగడమే అలవాటు. పొరపాటున నొక్కినవాడికి ఏడాదంతా ఎగతాళి.

చట్టం లేక కాదు. భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర ప్రక్రియలున్న చోట కార్మికులూ యాజమాన్యమూ సమాన సంఖ్యలో ఉండే సేఫ్టీ కమిటీ పెట్టాలన్నారు. ముప్పు ముంచుకొస్తోందనిపిస్తే యాజమాన్యానికీ, అప్పటికప్పుడే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చారు. ఫిర్యాదు ఎవరిదో ఇన్‌స్పెక్టర్ బయటపెట్టకూడదని కూడా రాశారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా చట్టం (కోడ్)లోనూ ముప్పు గురించి హెచ్చరించే హక్కు ఉంది. అయినా ఎవరూ వాడుకోరు. ఇన్‌స్పెక్టర్ జీపు దిగి తిన్నగా మూడో రియాక్టర్ దగ్గరికి నడిస్తే చాలు, ఎవరు చెప్పారో తేలిపోతుంది. ఆ షిఫ్ట్‌లో ఉన్నది నలుగురే కదా.

ఈ చిక్కు విమానాలవాళ్ళకి ఏనాడో ఎదురైంది. 1974 డిసెంబర్ 1న వాషింగ్టన్ దగ్గర టీడబ్ల్యూఏ అనే కంపెనీ విమానం కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. అంతకు ఆరు వారాల ముందే ఇంకో కంపెనీ విమానం అక్కడే, అదే పొరపాటుతో, కొండకు తగలబోయి బయటపడింది. ఆ కబురు ఆ కంపెనీ దాటి మిగతా పైలట్లకు చేరలేదు. దాంతో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, ‘మీ పొరపాట్లు మాకు చెప్పండి, ఏమీ అనం’ అంది. పైలట్లు నమ్మలేదు. లైసెన్సు లాక్కునేదీ వాళ్ళే మరి! చివరికి 1976లో ఆ పనిని నాసాకి అప్పగించారు. నాసాకి ఎవరి లైసెన్సూ లాక్కునే అధికారం లేదు. వచ్చిన నివేదిక చదివి, అవసరమైతే రాసినవాడితో మాట్లాడి, పేరూ ఊరూ తీసేశాకే మిగతావాళ్ళకు చెబుతుంది. నేరానికీ, జరిగిపోయిన ప్రమాదానికీ మాత్రం ఆ రక్షణ లేదు. ఆకతాయి ఫిర్యాదులు వస్తాయని భయపడే యజమానులు ఈ చివరి సంగతి గమనించాలి. అక్కడికి వచ్చే ఉత్తరం శిక్ష వేయడానికి కాదు, కాబట్టి పగ తీర్చుకోవాలనుకునేవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మన దగ్గరా ఇలాంటి ఆలోచన లేకపోలేదు. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది. అలాంటి ప్రమాదాలను విచారించే రైల్వే సేఫ్టీ కమిషన్ రైల్వే శాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తుంది. తమ తప్పు తామే విచారించుకుంటే జనం నమ్మరని అలా పెట్టారు. ఆ శాఖకు 2024 నుంచి మంత్రిగా ఉన్నది మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్‌నాయుడు గారే. ఫ్యాక్టరీలు ఆయన పరిధిలోకి రావు, నిజమే. అయినా ఈ పద్ధతి గురించి రాష్ట్ర ప్రభుత్వానికి వివరించి చెప్పగలవాళ్ళలో ఆయన ముందుంటారు.

ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది. మెమో ఇచ్చే అధికారం గానీ లైసెన్సు ఆపే అధికారం గానీ లేనివాళ్ళు వీళ్ళు. రెండు జిల్లాల ఫ్యాక్టరీల నుంచి ఇలాంటి కబుర్లు వీళ్ళలో ఒకరికి చేరే ఏర్పాటు చేయవచ్చు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టినా తీసుకోవాలి, ఎందుకంటే రాయడం రానివాళ్ళే వాల్వుకి అందరికన్నా దగ్గరగా ఉంటారు. ఏ ఫ్యాక్టరీ పేరూ పెట్టకుండా, ‘ఈ రకం వాల్వులు కారుతున్నాయి’ అని నెలకోసారి అన్ని ప్లాంట్లకూ పంపితే ఇన్‌స్పెక్టర్ జీపు ఎక్కడ ఆగిందో ఎవరూ చూడనక్కర్లేదు.

అంతవరకు ఆగలేకపోతే కలెక్టర్లు ఈలోగా ఒక పని చేయించవచ్చు. సేఫ్టీ కమిటీలో కార్మికుల తరఫున ఎవరున్నారో, వాళ్ళను ఎవరు ఎన్నుకున్నారో ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగులో బోర్డు మీద రాయమనండి. కొన్నిచోట్ల ఆ పేర్లు చదివాకే, తాము కమిటీలో ఉన్నట్టు ఆ కార్మికులకు తెలుస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్,
రణస్థలం, శ్రీకాకుళం జిల్లా
(మా అల్లుడు ఇంకా అక్కడే డ్యూటీ చేస్తున్నాడు, పేరు వేయవద్దని మనవి)