వార్షిక నివేదిక 2024–25: పోటీలు, నిబంధనలు, మధ్యలో వచ్చిన వాదనలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన ఫొటో క్లబ్ చేసిన పనుల నివేదికను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఆడిటరు సంతకం చేసిన జమాఖర్చుల కాగితం అందరికీ విడిగా ఇచ్చాం కాబట్టి ఇక్కడ లెక్కల జోలికి పోను. ఈ ఏడాది ఎక్కువ సమయం పట్టింది, ఎక్కువ గొంతులు లేచింది పోటీల దగ్గరే. నివేదికలోనూ వాటికే పెద్దపీట వేస్తున్నాను.

ఇంతకుముందు మన అంశాలు ‘ప్రకృతి’, ‘జీవితం’, ‘అందం’ అన్నట్టుగా ఉండేవి. ఎప్పుడో ఊటీ వెళ్లినప్పుడు తీసిన ఫొటో హార్డ్ డిస్క్‌లోంచి లాగి పంపినా అంశానికి సరిపోయేది. ఈసారి కార్యవర్గం రెండు మార్పులు చేసింది. అంశం చిన్నదిగా, విజయవాడకి దగ్గర్లో దొరికేదిగా ఉండాలి. అంశం ప్రకటించాక, గడువు లోపల తీసిన ఫొటోలే పోటీకి రావాలి. పాత ఫొటోల నిల్వ దండిగా ఉన్న సీనియర్లకి ఇది అంతగా రుచించలేదు. కొత్తగా చేరినవాళ్లకి, ఫోన్ తప్ప వేరే కెమెరా లేనివాళ్లకి మాత్రం మొదటిసారి గెలిచే అవకాశం వచ్చింది. ఎవరు గెలవగలరన్నది జడ్జీల కంటే ముందు అంశమే తేల్చేస్తుందని నా అభిప్రాయం. పులి ఫొటో అడిగితే సెలవు, డబ్బు, పెద్ద లెన్స్ ఉన్నవాళ్లే పోటీలో మిగులుతారు.

సిరా గుర్తు, కాలువ గట్లు

మే 13న రాష్ట్రంలో పోలింగ్ కాబట్టి మొదటి అంశం ‘సిరా గుర్తు’ అనుకున్నాం. పార్టీ జెండా, గుర్తు, కండువా ఫ్రేములో కనిపిస్తే ఆ ఎంట్రీ తీసుకోబోమని ముందే చెప్పాం. పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల లోపల ఫోన్ వాడకూడదన్న ఎన్నికల సంఘం నియమాన్ని మన నిబంధనల్లోనూ రాశాం. సెల్ఫీలు వద్దని రాయలేదు. అంతే, వచ్చినవాటిలో సగానికి పైగా సెల్ఫీలే! బహుమతి మాత్రం ముడతలు పడ్డ వేళ్ల మధ్య ఓటరు స్లిప్పు పట్టుకున్న ఒక పెద్దావిడ చేతి ఫొటోకి వచ్చింది. అది తీసింది ఫోన్‌తోనే.

జూన్, జులై నెలల్లో ‘కాలువ గట్లు’, నలుపు తెలుపులో. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మన ఊరి మధ్యలోంచే పోతున్నా వంతెన మీద బండి ఆపి కిందికి చూసేవాళ్లు తక్కువ. బట్టలు ఉతికేవాళ్లు, గాలం వేసేవాళ్లు, చెత్త, ఈత కొట్టే పిల్లలు అన్నీ ఫొటోల్లోకి వచ్చాయి. ఈ పోటీలోనే మొదటి వాదన లేచింది. ఒక ఎంట్రీలో అంతా నలుపు తెలుపే గానీ అందులోని ఒకావిడ చీర ఒక్కటే ఎర్రగా ఉంది. ఫొటో బాగుంది, కాదనను. అయితే అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ నిర్వచనం ప్రకారం మోనోక్రోమ్ అంటే నలుపు నుంచి తెలుపు దాకా బూడిద ఛాయలు. లేదంటే ఫొటో మొత్తానికీ ఒకే రంగు టోన్ వేయాలి, పాత ఫొటోల్లోని గోధుమ రంగు సెపియాలాగా. కొంత భాగానికే రంగు ఉంచితే అది కలర్ ఫొటో కింద లెక్క. మన పోటీలకి ఇదే నిర్వచనం వర్తిస్తుందని ఇప్పుడు నిబంధనల్లో చేర్చాం.

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. 1839లో అదే రోజున ఫ్రాన్స్‌లో డాగెరోటైప్ అనే తొలితరం ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించారు. ఆ సందర్భంగా గెలిచిన ఫొటోలతో చిన్న ప్రదర్శన పెట్టాం. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గురించి ఒక ప్రసంగం కూడా జరిగింది. జనం బాగానే వచ్చారు, ప్రసంగం దగ్గర కంటే టీ దగ్గర ఎక్కువ నిలబడ్డారు.

వరద నెల

సెప్టెంబరుకి ‘నీరు’ అని అంశం ప్రకటించి ఉన్నాం. ఆగస్టు 31న మొదలైన వానకి బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగిపోయాయి. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. మన సభ్యులు కొందరి ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. పోటీ రద్దు చేస్తున్నట్టు ఆ వారంలోనే మెసేజ్ పెట్టాం.

దీనిపై భిన్నాభిప్రాయం వచ్చింది కాబట్టి ఇక్కడ రికార్డు చేయడం అవసరం. ఇంత పెద్ద సంఘటన కళ్ల ముందు జరుగుతుంటే ఫొటోగ్రాఫర్ల సంఘం కెమెరా మూసి కూర్చోవడం ఏమిటని కొందరు సభ్యులు అడిగారు. ఫొటోలు తీయొద్దని కార్యవర్గం చెప్పలేదు. తీసినవాటికి మొదటి, రెండో బహుమతులు ఇవ్వబోమని మాత్రమే చెప్పింది. మెడలోతు నీళ్లలో పాల ప్యాకెట్ అందుకుంటున్న మనిషి ముఖానికి మార్కులు వేయడం మాకు సరిగ్గా అనిపించలేదు. వచ్చిన ఫొటోలన్నిటినీ ర్యాంకులు లేకుండా, తేదీ, చోటు వివరాలతో క్లబ్ ఆర్కైవ్‌లో భద్రపరిచాం. సాయం అందుకుంటున్నవాళ్ల ముఖాలు స్పష్టంగా కనిపించే ఫొటోలను వాళ్ల అనుమతి లేకుండా ప్రదర్శనకి పెట్టం.

తడిసిన కెమెరాల గురించి అక్టోబరు మొదట్లో ఒక క్లాసు పెట్టాం. చాలామందికి పనికొచ్చింది, అందుకే ముఖ్యమైన మాటలు ఇక్కడ కూడా రాస్తున్నాను. నీళ్లలో పడ్డ కెమెరాని పనిచేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేయకండి. వెంటనే బ్యాటరీ, కార్డు తీసేయండి. బియ్యం డబ్బాలో పెడితే నీళ్లు పోవడం సంగతెలా ఉన్నా, పొడి, గింజలు సందుల్లోకి పోతాయి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టడం మేలు. వరద నీళ్లలో బురద, ఉప్పు ఉంటాయి కాబట్టి ఆరినా సర్వీసింగ్‌కి ఇవ్వాల్సిందే. లెన్స్ లోపల సాలెగూడులా తెల్లటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. అలాంటి లెన్స్‌ని మిగతావాటి పక్కన పెట్టకండి. మన కోస్తా తేమకి డ్రై క్యాబినెట్‌లో 40 నుంచి 50 శాతం తేమ ఉండేలా పెట్టుకుంటే చాలు.

చేతులు

ఈ ఏడాది అన్నిటికన్నా నాకు నచ్చిన పోటీ ఇదే. అంశం ‘చేతులు’. పని చేస్తున్న చేతులే కనిపించాలి, పోజు పెట్టించకూడదు. క్లబ్ తరఫున కొండపల్లి వెళ్లాం. తెల్ల పొణికి చెక్కని చెక్కడం, విడి భాగాల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించడం, ఆరాక రంగులు వేయడం, ప్రతి దశలోనూ చేతులకి వేరే పని ఉంది. మక్కు రాసే వేళ్ల మీద దృష్టి పెట్టినవాళ్లకి మంచి ఫొటోలు దొరికాయి. దశావతారాల సెట్టు, ఏనుగు అంబారీ తీసినవాళ్లకి బొమ్మల ఫొటోలే మిగిలాయి, చేతులు లేవు.

ఈ పోటీకి పెట్టిన ఒక షరతు మీద మొదట గొణుగుడు వినిపించింది. ఎంట్రీ పంపే ప్రతి ఒక్కరూ తమ ఫొటోలోని కళాకారుడికి ఒక ప్రింటు ఇచ్చి రావాలి. ఖర్చు క్లబ్ భరించింది. మేస్త్రీలు ప్రింట్లు చూసి, మనం ఊహించని తప్పులు చెప్పారు. ఉలి పట్టిన తీరు ఇది కాదు, మీరు అడిగారని అలా పట్టుకున్నాను అని ఒకాయన నవ్వుతూ అన్నాడు. పోజు పెట్టించిన ఎంట్రీ ఆ మాటతోనే బయటపడి పోటీలోంచి వెళ్లిపోయింది. జడ్జీలు ముగ్గురూ దాన్ని పట్టుకోలేకపోయారు మరి.

ఆటపాక గూడబాతులు

నవంబరు, డిసెంబరుల్లో పక్షుల పోటీ. కొల్లేటి పక్కన ఆటపాకకి రెండు విడతలుగా వెళ్లొచ్చాం. ఫోన్‌తో పక్షుల ఫొటో తీయడం దాదాపు కుదరదు కాబట్టి, పెద్ద లెన్స్ లేనివాళ్లకి ‘పక్షీ, దాని పరిసరాలూ’ అని వేరే విభాగం పెట్టాం. పక్షి ఫ్రేములో చిన్నగా ఉన్నా చాలు. ఆ విభాగంలోని ఫొటోలే ఎక్కువ బాగున్నాయని జడ్జీలు అన్నారు, నేనూ అదే అంటాను.

ఇక్కడ లేచిన వాదన ఇది. ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు) అటవీ శాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు కడతాయి. మనిషి చేసిన వస్తువు ఫ్రేములో ఉంటే అది ప్రకృతి ఫొటో అవుతుందా? ఫొటోగ్రఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా (పీఎస్‌ఏ), ఫియాప్, బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రఫిక్ సొసైటీ (ఆర్‌పీఎస్) అనే మూడు పెద్ద సంస్థలు 2014లో ఒప్పుకున్న ఉమ్మడి నిర్వచనంలో దీనికి జవాబు ఉంది. మనిషి ఆనవాళ్లు ఉండకూడదు, ఆ ప్రాణి కథలో అవి విడదీయలేని భాగమైతే తప్ప. మనిషి మార్చిన చోటుకి అలవాటు పడ్డ కొంగల్ని, గుడ్లగూబల్ని ఆ నిర్వచనమే ఉదాహరణగా చెబుతుంది. ఆ లెక్కన స్టాండు మీది గూడబాతు చెల్లుతుంది. స్టాండుని కంప్యూటర్లో చెరిపేస్తే మాత్రం చెల్లదు, ఎందుకంటే కత్తిరించడం తప్ప ఫ్రేములో ఉన్నదాన్ని తీసేయడం, జరపడం, కొత్తది చేర్చడం ఆ నిర్వచనం ఒప్పుకోదు. ఒక ఎంట్రీ సరిగ్గా ఈ కారణంతోనే పోయింది. కరెంటు తీగ ఒక్కటే తీశానని ఆ సభ్యుడి వాదన. ఎంత చిన్న తీగైనా నియమం అదే. పెంపుడు బాతులు, జూలో తీసినవి, పెరట్లోని గులాబీలు కూడా ఈ విభాగానికి రావు.

గూళ్ల దగ్గరికి పోవద్దని వెళ్లిన రెండుసార్లూ చెప్పాం. అది మర్యాద కోసం చెప్పిన మాట కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో ‘వేట’ నిర్వచనంలోనే అడవి పక్షుల గుడ్లని, గూళ్లని కదిలించడం కూడా ఉంది. పక్షి గూడు వదిలి లేచేలా చేసి తీసినట్టు తెలిస్తే ఆ ఎంట్రీతో పాటు ఆ ఏడాది మిగతా ఎంట్రీలు కూడా రద్దు. దీనిపై ఇంకో వాదన వినే ఉద్దేశం కార్యవర్గానికి లేదు.

ఎరుపు, పండగ పని

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ‘ఎరుపు’. భవానీ దీక్ష విరమణకి ఊరంతా ఎర్రబట్టలే, ఆ వెంటనే గుంటూరు వైపు కల్లాల్లో ఆరబోసిన మిర్చి. అందరూ ఈ రెండిటి మీదే పడ్డారు. మిర్చి యార్డుకి వెళ్లినవాళ్లు దగ్గుతూ, తుమ్ముతూ తిరిగొచ్చారు. ఆ ఘాటుకి కెమెరాలు తట్టుకున్నాయి గానీ మనుషులు తట్టుకోలేదు. చాలా ఎంట్రీల్లో ఎరుపు ముద్దలా అయిపోయి బట్ట మడత, మిరప తొడిమ కనిపించలేదు. కెమెరాలో వెలుగు ఎంత పడిందో చూపించే గ్రాఫు, అంటే మామూలు హిస్టోగ్రామ్, బాగానే ఉన్నా ఎరుపు ఛానెల్ ఒక్కటే హద్దు దాటిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గిస్తే సరిపోతుంది. ఫైలు ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల సెట్టింగులోనే పంపండి. అడోబ్ ఆర్‌జీబీలో పంపితే ప్రొజెక్టరు మీద మిర్చి పాలిపోయి కనిపిస్తుంది.

సంక్రాంతి వారానికి ‘పండగ పని’ పెట్టాం. ముగ్గు కాదు, ముగ్గు వేస్తున్న మనిషి కావాలి. కోనసీమలో కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినవాళ్లు కాలువలోంచి ప్రభని మోసుకెళ్తున్న భుజాల ఫొటోలు తెచ్చారు. కోడిపందేల ఎంట్రీలు తీసుకోలేదు, వచ్చే ఏడాదీ తీసుకోం. చట్టం ఒప్పుకోని పనికి మన క్లబ్ బహుమతి ఇవ్వదు.

ఎంట్రీ పంపేటప్పుడు

వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే మెయిల్ చేయండి. ఫైలు పేరులో మీ పేరు, ఫొటో మూలన వాటర్‌మార్కు ఉండకూడదు. జడ్జీలకి నంబర్లే వెళ్తాయి. ఒక అంశానికి ఒక్కొక్కరికి మూడు ఎంట్రీలు. నాలుగు పంపితే ఏవి ఉంచాలో మేం తేల్చం, మీకే తిరిగొస్తాయి. బహుమతికి ఎంపికైన ఫొటో అసలు ఫైలు, కెమెరా రా ఫైలు అయినా ఫోన్‌లోని ఒరిజినల్ జేపెగ్ అయినా, చూపించాలి. చూపించలేకపోతే బహుమతి తర్వాతి ఫొటోకి వెళ్తుంది.

కాపీరైటు ఫొటో తీసినవాళ్లదే. 1957 చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, ఫొటో తీసినవాళ్ల జీవితకాలమంతా, వాళ్లు పోయిన తర్వాతి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. బయటి పోటీలకి పంపేటప్పుడు షరతుల్లోని చిన్న అక్షరాలు చదవండి. కొన్ని పోటీలు ఎంట్రీ పంపగానే అన్ని హక్కులూ రాయించేసుకుంటాయి. మన క్లబ్ మాత్రం మీ ఫొటోని ప్రదర్శనకి, వార్షిక క్యాలెండరుకి తప్ప వాడదు.

సమావేశం ముందున్న తీర్మానం

కృత్రిమ మేధతో పుట్టించిన బొమ్మలు, ఉన్న ఫొటోలో దానితో చేర్చిన భాగాలు ఈ ఏడాది నుంచే నిషేధించాం. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడి బొమ్మ ఒక విభాగంలో గెలిచింది. అది కృత్రిమ మేధతో చేసిందని ఆయనే చెప్పి బహుమతి వద్దన్నాడు. అంత పెద్ద జడ్జీలే పోల్చుకోలేనప్పుడు మనం కంటితో చూసి తేల్చగలమన్న ధీమా నాకు లేదు. అందుకే ఒరిజినల్ ఫైలు అడుగుతున్నాం.

తేలనిది నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ సంగతి. రాత్రి తీసిన ఫొటోల్లో గరుకు తగ్గించడానికి చాలామంది ఇప్పుడు ఏఐ డీనాయిస్ వాడుతున్నారు. అది కొత్త వస్తువుని చేర్చదు గానీ ఈకల్లో, జుట్టులో లేని వివరాన్ని కొంత కల్పించగలదు. దీన్ని అనుమతించాలని కార్యవర్గంలో కొందరు, పక్షుల విభాగం వరకైనా వద్దని మరికొందరు అంటున్నారు. వచ్చే ఏడాది మొదటి అంశం ‘రాత్రి బస్టాండు’ కాబట్టి ఇది ఈరోజే తేలాలి. నివేదిక ఆమోదం అయ్యాక చేతులెత్తి ఓటింగ్ ఉంటుంది. చందా బకాయి ఉన్నవాళ్లు ముందు కోశాధికారి గారిని కలవండి, లేకపోతే ఓటు ఉండదు.

కార్యదర్శి