కాలేజీ నాటకానికి ఆగస్టులో ఒక వారం ఇవ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను పరిషత్తు నాటికల్లో, అంటే నాటక పరిషత్తులు పెట్టే పోటీల్లో ఆడే చిన్న నాటకాల్లో, వేషాలు వేస్తుంటాను. వీలు దొరికినప్పుడల్లా కాలేజీ పిల్లల రిహార్సల్స్‌కు వెళ్లి నాకు తెలిసింది చెబుతుంటాను. నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ఉత్సాహంగా మొదలైన నాటక బృందాలు ఏడాది తిరక్కుండానే ఆగిపోవడం చూస్తున్నాను. పిల్లల్లో ఆసక్తి లేక కాదు, వాళ్లకు సరైన సమయంలో వేదిక దొరకడం లేదు. ఈ విషయం మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి, కాలేజీ యాజమాన్యాల దృష్టికి తీసుకురావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాటకం పేరు చెప్పుకుని మనం జరుపుకునే రోజులు రెండు. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి, అదే తెలుగు నాటక రంగ దినోత్సవం. రెండూ పరీక్షల కాలంలోనే వస్తాయి. ఆ టెన్షన్‌లో ఉన్న పిల్లల్ని రిహార్సల్‌కు రమ్మని ఎవరు పిలుస్తారు? అందుకే ఆ రోజుల్లో వేదిక మీద మా వయసు వాళ్లమే కనిపిస్తున్నాం. మిగతా ఏడాదిలో పిల్లలకు దొరికేది కాలేజీ వార్షికోత్సవం ఒక్కటే. అందులోనూ డ్యాన్సుల మధ్య పది, పదిహేను నిమిషాలు ఇస్తారు. అంతలో స్కిట్ వేయొచ్చు కానీ నాటిక వేయలేరు. దాదాపు గంటసేపు కథను నిలబెట్టాలి, పాత్ర ఎదగాలి, మౌనం కూడా పండాలి. అది నెల రోజుల సాధన లేకుండా రాదు.

ఆ సాధనే కష్టమైపోతోంది. క్లాసులు అయ్యాక బెంచీలు పక్కకు జరిపి మొదలుపెడితే, కాసేపటికే గేటు మూసే వేళవుతుంది. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట నుంచి వచ్చే పిల్లలు బస్సు తప్పిపోతుందని ముందే వెళ్లిపోతారు. ముఖ్యంగా అమ్మాయిలు. చీకటి పడేదాకా ఉంటామంటే ఇంట్లో ఒప్పుకోరు, ఆ తల్లిదండ్రుల భయాన్ని నేను తప్పు పట్టను. కానీ దాంతో మంచి కథలు ఎన్నో స్త్రీ పాత్రల దగ్గరే ఆగిపోతున్నాయి. టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఒంగోలులో చదువుకునే రోజుల్లో నాటకాల్లో ఆడవేషాలు వేశారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఆయనను చేరదీసి చదువూ చెప్పించారు, నాటకాల్లోకీ తీసుకువెళ్లారు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆనాడు ఆడపిల్లలు రంగం మీదికి రాలేదు కాబట్టి మగపిల్లలు చీర కట్టారు. ఇప్పుడు అమ్మాయిలు వేస్తామని ముందుకొస్తుంటే వాళ్లకు పగటిపూట రెండు గంటలు కేటాయించలేమా? వారానికి రెండు మధ్యాహ్నాలు టైమ్‌టేబుల్‌లోనే చూపిస్తే సగం సమస్య తీరుతుంది.

ఇక వేదిక సంగతి. ఆగస్టు 23 ప్రకాశం గారి జయంతి, 29 తెలుగు భాషా దినోత్సవం. ఈ రెండు తేదీల మధ్య వారాన్ని నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింటిలోనూ కాలేజీ నాటకోత్సవంగా జరపాలన్నది నా విన్నపం. అప్పటికి పెద్ద పరీక్షలు ఉండవు. డిగ్రీ మొదటి సంవత్సరం అడ్మిషన్లు ఆలస్యమైనా రెండో, మూడో సంవత్సరం చదివే పిల్లలు ఉంటారు. నెల్లూరులో పురమందిరం లాంటి వేదికను ఆ వారం విద్యార్థులకు అద్దె లేకుండా ఇవ్వాలి. ప్రదర్శన రోజు ఒక్కటే ఇస్తే చాలదు. ముందురోజు కూడా లైట్లతో, మైకులతో ఒక్కసారి పూర్తిగా వేసుకోనివ్వాలి. తరగతి గదిలో సాధన చేసిన పిల్లవాడు మొదటిసారి పెద్ద వేదిక ఎక్కితే లైటు ఎక్కడ పడుతుందో, వెనక వరుసకు గొంతు ఎలా చేరుతుందో తెలియక తడబడతాడు.

ఇక్కడ రాణిస్తే ముందుకు వెళ్లే దారులు ఉన్నాయి. అంతర విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో ఏకాంకిక, మైమ్, మిమిక్రీ పోటీలు జరుగుతాయి. 2023 డిసెంబరులో గుంటూరులో జరిగిన నంది నాటకోత్సవాల్లో కళాశాల, విశ్వవిద్యాలయ నాటికలకు ప్రత్యేక విభాగమే ఉంది. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఈ ఉత్సవానికి పెద్దదిక్కుగా నిలబడితే అనుబంధ కాలేజీలన్నీ కదులుతాయి.

మరో మాట. వేదం వేంకటరాయ శాస్త్రి గారు 1899లో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించింది ఈ నెల్లూరులోనే. పాత్రను బట్టి మాట ఉండాలని పట్టుబట్టిన రచయిత ఆయన. కాబట్టి పాత స్క్రిప్టులే తిరగేయకుండా, మన జాలర్ల గురించి, రొయ్యల చెరువుల గురించి, కందుకూరు, కనిగిరి వైపు నీటి కష్టం గురించి పిల్లల చేతే మన యాసలో రాయించాలి. కొత్త రచనకు విడిగా ఒక బహుమతి పెడితే రాసేవాళ్లు తప్పక వస్తారు.

జూన్‌లోగా తేదీలు ప్రకటిస్తే కాలేజీలు తెరవగానే కథల ఎంపిక మొదలుపెట్టవచ్చు. మేకప్‌కు, లైటింగ్‌కు, నటనలో తర్ఫీదుకు మాలాంటి కళాకారులం డబ్బు ఆశించకుండా వస్తాం. యాజమాన్యాలు ఒక గది, ఒక బాధ్యత గల అధ్యాపకుణ్ణి చూపిస్తే చాలు.

ఇట్లు,
ఒక రంగస్థల కళాకారుడు,
నెల్లూరు