విశ్వావసు నామ సంవత్సరపు వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు,

2025 ఉగాది నుంచి 2026 ఉగాది వరకు బెంగళూరులోని మన తెలుగు సంఘం చేసిన పనులను, అవి చేయవలసి వచ్చిన పరిస్థితులను ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాము. ఏటా పండుగలు, పోటీలు, వనభోజనాల వివరాలతో నివేదిక మొదలుపెట్టే ఆనవాయితీని ఈసారి పక్కన పెట్టాము. కిందటి ఉగాది నాడు పంచాంగ శ్రవణం ముగిసి భోజనాలకు కూర్చున్నప్పుడు ఏ పంక్తిలో చూసినా ఇంటి ఖర్చు మాటే వినిపించింది. వైట్‌ఫీల్డ్, కాడుగోడి, వర్తూరు ప్రాంతాల్లో కాపురం ఉంటున్న మనవాళ్లు నెల సగానికి రాకముందే జీతం అయిపోతోందని, ఊళ్లో అమ్మానాన్నలకు పంపే డబ్బు తగ్గించుకోవలసి వస్తోందని చెప్పుకున్నారు. ఆ మాటలు విన్న కార్యవర్గం ఈ ఏడాదికి దీనినే ముఖ్యమైన పనిగా పెట్టుకుంది.

ధరలు పెరిగిన సంగతి అందరికీ తెలిసిందే. 2025 జనవరిలో సిటీ బస్సు చార్జీలు 15 శాతం పెరిగాయి. ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ టికెట్టు 60 రూపాయల నుంచి 90 రూపాయలకు చేరింది. ఏప్రిల్‌లో నందిని పాలకు లీటరుకు 4 రూపాయల పెంపు, కరెంటు మీద యూనిట్‌కు 36 పైసల సర్‌చార్జీ, నీటి బోర్డు కొత్త రేట్లు, ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేసే చెత్త రుసుము అన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అయితే సభ్యులు మాతో పంచుకున్న ఇంటి లెక్కలు చూసిన తరువాత, కుటుంబాన్ని కుంగదీస్తున్నవి ఇవి కావని మాకు అర్థమయింది. నగరం అంచున ఉన్నందుకు విడిగా మోయవలసి వస్తున్న ఖర్చులే అసలు భారం. వాటిలో మొదటిది నీళ్లు.

వర్తూరు దారిలో ఒక నాలుగంతస్తుల భవనంలో అద్దెకు ఉంటున్న సభ్యురాలు ఒకరు పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే వెనుక పేజీల నుంచి టాంకర్ల లెక్క రాసుకుంటున్నారు. తేదీ, ఎన్ని వేల లీటర్లు, ఎంత ఇచ్చారు, ఇంటికి ఎంత వాటా పడింది అన్నవి వరసగా ఉంటాయి. ఎండాకాలం పేజీల్లో రెండు రోజులకొక టాంకరు కనిపిస్తుంది. ఆమె అక్కడితో ఆగలేదు. ఒక వెదురు కర్రకు అంగుళాల లెక్కన గాట్లు పెట్టి, టాంకరు రాకముందు ఒకసారి, వెళ్లిన తరువాత ఒకసారి సంపులోకి దించి చూశారు. ఆ సంపు పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. అంటే ఒక అడుగు ఎత్తు నీరు సుమారు 2,265 లీటర్లు. ఆరు వేల లీటర్లు పోస్తే తడి గీత రెండు అడుగుల ఎనిమిది అంగుళాల దాకా పైకి జరగాలి. ఆమె కర్ర మీద గీత రెండు అడుగులు దాటి కొంచెం పైన ఆగిపోయింది. అంటే ప్రతి టాంకరులోనూ వెయ్యి లీటర్లకు పైగా తరుగు పోతోందన్నమాట.

ఆ కర్రను ఆమె జూన్ నెల సమావేశానికి తెచ్చి చూపించారు. కార్యవర్గం అలాంటి కర్రలు చేయించి, ఒక్కొక్క సంపు కొలతలను బట్టి గాట్లు పెట్టించి, అడిగిన ప్రతి భవనానికీ ఇచ్చింది. ఈ ఏడాది మనం చేసిన పనులన్నిటిలోకీ తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసినది ఇదేనని మా అభిప్రాయం. కర్ర దించుతున్న భవనాలకు వచ్చే టాంకర్లలో తరుగు తగ్గింది. ఆ సభ్యురాలికి సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుతున్నాము.

నీటి ధర విషయంలో సభ్యులు ఒక పోలిక గుర్తుంచుకోవాలి. 2024 ఎండాకాలంలో నీటి కటకట ఏర్పడినప్పుడు జిల్లా యంత్రాంగం ఖరారు చేసిన ధర ప్రకారమే చూసినా, ఐదు కిలోమీటర్ల లోపు దూరానికి 6,000 లీటర్ల టాంకరు 600 రూపాయలు, పన్ను అదనం. అంటే వెయ్యి లీటర్లకు 100 రూపాయలు. ఇళ్లకు ఇచ్చే కావేరీ కనెక్షన్‌లో మొదటి 8,000 లీటర్లకు 2014 నుంచి వెయ్యి లీటర్లకు 7 రూపాయలు ఉండగా, 2025 ఏప్రిల్‌లో లీటరుకు 0.15 పైసా పెంచిన తరువాత అది ఎనిమిదిన్నర రూపాయలయింది. మురుగు చార్జీ కలుపుకున్నా ఈ రెండింటికీ పొంతనే లేదు. నగరం నడిబొడ్డున ఉన్నవారి కంటే అంచున ఉన్నవారు అవే నీళ్లకు ఇన్ని రెట్లు కట్టవలసి రావడం న్యాయం కాదు.

2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం ఉద్దేశించిన కావేరీ ఐదవ దశ పథకం 2024 అక్టోబర్ 16న ప్రారంభమయింది. దాని సామర్థ్యం రోజుకు 77.5 కోట్ల లీటర్లు. మన ప్రాంతం ఆ పరిధిలోనిదే. పైపు వీధి దాకా వచ్చినా ఇంట్లోకి రాకపోవడానికి కారణం, కనెక్షన్‌కు దరఖాస్తు చేయవలసినది ఇంటి యజమాని, టాంకరు డబ్బు కట్టేది అద్దెకు ఉన్నవారు. యజమానికి అది ఒకేసారి పెట్టవలసిన పెద్ద ఖర్చుగా కనిపిస్తుంది. నెలనెలా పోతున్న డబ్బు ఆయనది కాదు కనుక ఆయనకు తొందర ఉండదు. మన కార్యవర్గ సభ్యులు ఆదివారాలు యజమానుల ఇళ్లకు వెళ్లి, వాయిదాల్లో కట్టే వీలుందని వివరించి, దరఖాస్తులు నింపడంలో సాయపడ్డారు. కొన్ని భవనాల్లో అద్దెదారులే ముందుగా డబ్బు వేసుకుని, అద్దెలో నెలకు కొంత చొప్పున మినహాయించుకునేలా కాగితం రాయించాము. ఒప్పుకోని యజమానులు ఇంకా ఉన్నారు. అలాంటి చోట్ల, 2025 మేలో నీటి బోర్డు మొదలుపెట్టిన సంచారి కావేరీ టాంకర్లను బుక్ చేసుకోవడం ఎలాగో సభ్యులకు చూపించాము.

రెండవది ఇంటి అడ్వాన్సు. పది నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకోవడం ఈ నగరపు పాత అలవాటు. ఇప్పుడు కొందరు తగ్గిస్తున్నా, కొత్తగా పెళ్లయి కాపురం పెట్టిన జంటకు ఆ మొత్తం కూడదీసుకోవడానికి బంగారం తాకట్టు పెట్టక తప్పడం లేదు. ఆ డబ్బుకు వడ్డీ రాదు సరికదా, ఇల్లు ఖాళీ చేసే రోజున పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకుంటారు. సంఘం నిధి నుంచి వడ్డీ లేకుండా అడ్వాన్సుకు చేబదులు ఇచ్చే పద్ధతిని ఈ ఏడాది ప్రారంభించాము. తీసుకున్న కుటుంబాలన్నీ వాయిదాలు తప్పకుండా కడుతున్నాయి. ఒప్పందపత్రం మీద సంతకం పెట్టే ముందు మన సభ్యులలో ఉన్న న్యాయవాది చేత చదివించుకునే ఏర్పాటు కూడా ఉంది. గోడలు, కుళాయిలు, తలుపులు ఎలా ఉన్నాయో ఇంట్లో దిగే రోజునే ఫోటోలు తీసి యజమానికి పంపడం అందరూ అలవాటు చేసుకోవాలి.

మన ఊళ్లలో భోగ్యం అని పిలిచే పద్ధతిలో, ఇక్కడ లీజు పేరుతో, పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి అద్దె లేకుండా ఉండే ఇళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన సభ్య కుటుంబం ఒకటి ఇలా డబ్బు ఇచ్చి చేరిన తరువాత, ఆ ఇల్లు అంతకుముందే బ్యాంకు అప్పులో ఉందని, వేలానికి వస్తోందని గోడకు అంటించిన నోటీసు చూసి తెలుసుకుంది. ఆ డబ్బు ఊళ్లో పొలం అమ్మగా వచ్చినది. ఈ నివేదిక రాసే నాటికి వారికి ఒక్క రూపాయి తిరిగి రాలేదు. మా సభ్యులు వారితో పాటు న్యాయస్థానానికి వెళ్లి వస్తున్నారు. ఆస్తి మీద అప్పులు, తాకట్లు ఉన్నాయేమో చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, మూల పత్రాలు ఎవరి దగ్గర ఉన్నాయో కళ్లారా చూడకుండా ఎవరూ లీజుకు డబ్బు ఇవ్వవద్దని చేతులు జోడించి కోరుతున్నాము.

ప్రయాణం విషయంలో 2023 అక్టోబర్‌లో వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా మెట్రో పూర్తి కావడం మన ప్రాంతానికి పెద్ద ఊరట. టికెట్టు పెరిగినా, నగరం నడిబొడ్డునున్న మెజెస్టిక్ వైపు ఉద్యోగాలున్న వారు పిల్లలు పడుకోకముందే ఇల్లు చేరుతున్నారు. స్టేషను నుంచి ఇంటి వరకు ఆటోకు అయ్యే ఖర్చు కొన్నిసార్లు మెట్రో టికెట్టును మించుతోంది కాబట్టి, లోపలి వీధులకు ఫీడరు బస్సులు పెంచాలని వినతిపత్రం ఇచ్చాము. శక్తి పథకం కింద మహిళలకు బస్సు ప్రయాణం 2023 జూన్ 11 నుంచి ఉచితమే అయినా, అందుకు కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆధార్ చిరునామా ఇక్కడికి మార్చుకుంటే ఊళ్లో అత్తగారి పింఛను, రేషను ఏమవుతాయోనన్న భయంతో చాలామంది ఆడపడుచులు ఇంకా టికెట్టు కొనుక్కునే వెళ్తున్నారు. రెండు రాష్ట్రాల మధ్య బతుకుతున్న కుటుంబాలకు ఇది చిన్న ఇబ్బంది కాదు.

రేషను సంగతి ఇంతకంటే బాధ కలిగించేది. కాడుగోడి చుట్టుపక్కల కట్టడాల మీద పనిచేస్తూ రేకుల షెడ్లలో ఉంటున్న శ్రీకాకుళం, అనంతపురం, పాలమూరు జిల్లాల వారికి, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు విధానంలో జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డు మీద ఇక్కడే బియ్యం తీసుకునే హక్కు ఉంది. ఈ సంగతి వారిలో చాలామందికి తెలియదు. ఆగస్టులో ఒక తాపీ మేస్త్రీని మా సభ్యులు దుకాణానికి తీసుకువెళ్లారు. సిమెంటుకు ఆయన వేలి గీతలు అరిగిపోయి, పది వేళ్లలో ఒక్కటీ యంత్రం గుర్తించలేదు. వరసలో వెనుక ఉన్నవారు విసుక్కుంటుంటే ఆయన చెయ్యి తువ్వాలుతో తుడిచి తుడిచి మళ్లీ మళ్లీ పెట్టారు. చివరకు కనుపాప యంత్రం ఉన్న మరో దుకాణంలో బియ్యం దొరికాయి. ఆయనను, ఆయనతో పనిచేసే వారిని భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు చేయించే పని ఇప్పుడు చేస్తున్నాము. ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు ధ్రువీకరణ ఉంటే అందుకు అర్హులే. సంఘంలో సభ్యత్వం లేని వారికోసం సంఘం సమయం ఎందుకని ఇద్దరు ముగ్గురు అడిగారు. మనం ఉంటున్న ఇళ్లు కట్టినది వారేనని కార్యవర్గం సమాధానం.

వైట్‌ఫీల్డ్‌లోని శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలో 2001 నుంచి గుండె, మెదడు జబ్బులకు ఉచితంగా చికిత్స జరుగుతోంది. మన రాయలసీమ జిల్లాల నుంచి రాత్రి రైళ్లకు వచ్చే రోగుల బంధువులకు పడుకోవడానికి చోటు, ఉదయం టిఫిను ఇచ్చే సేవ ఈ ఏడాదీ కొనసాగింది. ఆదివారం తెలుగు బడి, దాని పక్క గదిలోనే పెద్దలకు కన్నడ తరగతి నడిచాయి. కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ సభ్యుల సహకారంతో చక్కగా జరిగాయి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నందున, సంక్రాంతి ప్రయాణాలకు నవంబరు రెండవ వారంలోనే గుర్తుచేశాము. అయినా ప్రైవేటు బస్సులకు మూడింతలు ఇచ్చి వెళ్లినవారు ఉన్నారు. వచ్చే సంక్రాంతికి సంఘమే బస్సులు మాట్లాడాలన్న ప్రతిపాదన పరిశీలనలో ఉంది.

2025 సెప్టెంబరులో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు నగరపాలక సంస్థలు ఏర్పడి, మహదేవపుర, కె.ఆర్.పుర ప్రాంతాలు తూర్పు నగరపాలక సంస్థలోకి వచ్చాయి. నగరపాలక సంస్థకు ఇవ్వవలసిన మన వినతిపత్రాలు ఇకపై అక్కడికే వెళ్తాయి.

1960 నాటి కర్ణాటక సంఘాల నమోదు చట్టం ప్రకారం తనిఖీ చేయించిన జమాఖర్చుల పట్టికను సర్వసభ్య సమావేశంలో చదివి ఆమోదం కోరతాము. చేబదులు నిధికి ప్రతి కుటుంబం నెలకు ఎంత ఇవ్వగలదన్నది అక్కడే నిర్ణయించాలి. సమావేశానికి వచ్చే సభ్యులు గత మూడు నెలల టాంకరు రసీదులను, సంపు పొడవు వెడల్పుల కొలతలను వెంట తీసుకురావలసిందిగా ప్రార్థన. కొలకర్రలు అక్కడే ఇస్తాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి