కాలవలోంచి నన్ను లాగిన అన్నయ్యకి

అన్నయ్యా, ఆ కంగారులో మీ పేరు కూడా అడగలేదు, మిమ్మల్ని ఎరిగినవాళ్ళెవరైనా ఇది చదివి వినిపిస్తారని రాస్తున్నా. మొన్న సాయంత్రం కొత్తపేట నుంచి కాలవగట్టు మీద స్కూటీ మీద వస్తుంటే చేలోంచి లేచిన కొంగ ఒకటి సూటిగా వచ్చి హెల్మెట్‌కి కొట్టుకుంది, అంతే, బండితో సహా కాలవలో ఉన్నా. ధవళేశ్వరం నుంచి వదిలిన నీళ్ళు నిండుగా పారుతున్నాయి, కాళ్ళకి గుర్రపుడెక్క చుట్టేసుకుంది, అరుద్దామంటే నోట్లోకి నీళ్ళే. మీరు కొబ్బరి దింపు ముగించుకుని వెళ్తున్నట్టున్నారు, భుజానున్న మోకు విసిరి "ఒదలకమ్మా, గట్టిగా పట్టుకో" అన్నారు చూడండి, ఆ గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది. అరిచేతుల్లో మోకు గీరుకున్న గీతలు ఇంకా మానలేదు.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు కొట్టి రెండు ఇంజన్లూ పోయిన విమానాన్ని హడ్సన్ నదిలో దింపితే 155 మందీ బతికారు కదా, పైలట్ పేరు అందరికీ తెలుసు గానీ ఆ చలిలో రెక్కల మీద నిలబడ్డవాళ్ళని నిమిషాల్లో వచ్చి ఎక్కించుకున్నది ఫెర్రీ పడవలవాళ్ళు, నాకిప్పుడు వాళ్ళే గుర్తొస్తున్నారు.

అమ్మ మీకోసం ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి ఉంచింది. ఒక్కసారి మా ఇంటికి రండన్నయ్యా.