జవాబు పేరాలో ఉంది, కీలో లేదు

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ విద్యా పేజీలో అచ్చయిన నమూనా పరీక్ష గురించి ఆ రోజే రాయవలసింది. సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. వేయలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

పఠనావగాహన కోసం ఇచ్చిన పేరా కార్బన్ మూలకపు ఒక రూపమైన కార్బన్-14 గురించినది. పేరాకు వంక పెట్టడానికి లేదు. జీవి చనిపోయిన తరువాత అందులోని కార్బన్-14 క్షయం చెందుతూ నైట్రోజన్-14గా మారుతుందని, సుమారు 5,730 ఏళ్లకు మొదట ఉన్నదానిలో సగమే మిగులుతుందని, ఆ లెక్కతోనే పాత ఎముకల, కొయ్యల వయసు కడతారని స్పష్టంగా రాశారు. దాని కింద, ‘పై పేరాలో క్షయం అనే పదానికి అర్థం ఏమిటి?’ అని అడిగి, ఊపిరితిత్తుల జబ్బు, నశించిపోవడం, కుళ్లిపోవడం, మరో మూలకంగా మారడం అని నాలుగు జవాబులు ఇచ్చారు. కీలో సరైన జవాబు ‘నశించిపోవడం’ అని ఉంది.

నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. మా తరగతిలో ఒక అమ్మాయి ఆ పేజీ కత్తిరించుకుని నా దగ్గరకు తెచ్చింది. ‘నైట్రోజన్-14గా మారుతుంది’ అన్న మాటల కింద పెన్సిలుతో గీత గీసుకుని, నాలుగో జవాబుకు టిక్కు పెట్టింది. ఆ తరువాత కీ చూసి, కాగితం పలచబడేలా ఆ టిక్కును చెరిపి, రెండోదానికి పెట్టుకుంది. ‘నేను చదవడంలోనే తప్పు ఉందా సార్?’ అని అడిగింది. ఆమె చదవడంలో తప్పేమీ లేదు. పేరాను శ్రద్ధగా చదివిన పిల్లకు మార్కు పోయింది. పేరా వైపు చూడకుండా నిఘంటువులోని అర్థం గుర్తు తెచ్చుకున్నవారికి వచ్చింది. అలాంటప్పుడు పైన అంత పేరా అచ్చు వేయడం దేనికి?

ఇది ఒక్క మీ పత్రికలో జరిగిన పొరపాటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. ఎర్ర రక్త కణం సుమారు 120 రోజులు జీవిస్తుందని పేరాలో చెప్పి, కణం అంటే ‘అతి చిన్న రేణువు’ అని కీలో ఇచ్చిన ప్రశ్నపత్రం నేను చూశాను. తెలుగులో ఎలక్ట్రానూ కణమే, రక్తంలో తిరిగేదీ కణమే. ‘జీవిస్తుంది’ అన్న క్రియ ఒక్కటి పట్టించుకుంటే రెండోది జీవకణమని తెలిసిపోతుంది. తలమీద మూటతో కదలకుండా నిలబడిన మనిషి ఆ మూటపై పని చేయడం లేదని వివరించిన పేరాకు, పని అంటే ‘శ్రమ’ అని జవాబు ఇచ్చినవారూ ఉన్నారు. అక్కడ శ్రమ ఉంది, స్థానభ్రంశం, అంటే మూట చోటు మారడం, లేదు; అది లేనిదే భౌతికశాస్త్రంలో పని లేదు. పేరా చెప్పదలచుకున్నదే అది.

ఒకసారి ఇలాంటి కీపై అభ్యంతరం తెలుపుతూ పరీక్ష నిర్వహించినవారికి రాస్తే, నిఘంటువులో ఆ అర్థం ఉంది కనుక మార్పు లేదని రెండు ముక్కల్లో తేల్చేశారు. శాస్త్రంలో మాటకు అర్థం నిర్వచనంతో వస్తుంది, నిర్వచనం మారితే అర్థమూ మారుతుంది. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహానికి నిర్వచనం ఖరారు చేసి, ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది. అంతకు ముందు అచ్చయిన నిఘంటువు పట్టుకుని ఆ విషయంపై ప్రశ్న వేస్తే పిల్లలు ఏ జవాబు రాయాలి?

భాష తెలిసినవారు ప్రశ్న రాస్తారు, శాస్త్రం తెలిసినవారికి చూపించరు. కీ తయారైన తరువాత, దానికి ఆధారం పేరాలో ఏ వాక్యంలో ఉందని అడిగేవారే ఉండరు. వార్తల్లో వడికి బదులు వేగం అని రాసినా, ద్రవ్యరాశికి బదులు బరువు అని రాసినా నాకు అభ్యంతరం లేదు, వాడుక వాడుకే. పరీక్షలో మాత్రం ‘పై పేరాలో’ అని అడిగినవారు ఆ పేరాకు కట్టుబడి ఉండాలి.

వచ్చే ఆదివారం అదే పేజీలో, కీ వేసినంత పెద్ద అక్షరాలతోనే సవరణ వేయండి. ఇకపై అర్థం అడిగే ప్రతి ప్రశ్నకూ కీలో జవాబు పక్కనే, దానికి ఆధారమైన వాక్యం పేరాలో ఎన్నో వరుసలో ఉందో కూడా అచ్చు వేయండి. ఆ అమ్మాయి తన కత్తిరింపును ఇంకా దాచుకునే ఉంది.

– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు