వంతెన మీది తాళాలు

బ్రిస్టల్,
నవంబరు 9

అమ్మకు నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. నువ్వూ నాన్నగారూ, మామయ్య కుటుంబమూ క్షేమమని తలుస్తాను.

పోయిన ఆదివారం నేను పంపిన ఫోటో చూసి నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. వంతెనకు ఆ రెండు పెద్ద కొమ్ములు ఏమిటని ఒకటి, కంచెకు అన్ని తాళాలు ఎవరు వేశారని రెండోది. నైట్ డ్యూటీకి బయలుదేరే తొందరలో "తరవాత చెబుతానమ్మా" అని ఫోను పెట్టేశాను. అది ఫోనులో తేలే సంగతి కూడా కాదు. నీకు ఎలాగూ కాగితమే ఇష్టం, కావలసినన్ని సార్లు చదువుకోవచ్చు అంటావు కదా.

తాళాల కథ చిన్నదే. ప్రేమించుకున్న జంటలు తమ పేర్లు రాసిన తాళం కంచెకు వేసి, తాళంచెవి నీళ్లలో పడేస్తారు. కొమ్ములేమో, పడవ వచ్చినప్పుడు వంతెన మధ్య భాగం పైకి లేవడానికి పెట్టిన ఎదురు బరువులు. కానీ ఆ వంతెన పేరు ఉంది చూడు, పెరో వంతెన, ఆ పేరు తెలిశాక నాకు ఆ తాళాలు మామూలుగా కనిపించడం మానేశాయి.

పెరో ఒక బానిస. వెస్టిండీస్‌లోని నెవిస్ అనే చిన్న దీవిలో పుట్టాడు. 1765లో, పన్నెండేళ్ల వయసులో, అతన్నీ ఇద్దరు చెల్లెళ్లనూ జాన్ పిన్నీ అనే చెరకు తోటల యజమాని కొన్నాడు. 1783లో ఆ దొర ఇంగ్లండుకు తిరిగి వచ్చేటప్పుడు పెరోను సేవకుడిగా వెంట తెచ్చుకున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా సేవ చేసి పెరో 1798లో పోయాడు. పిన్నీ కట్టించిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మొన్న వేసవిలో చూసి వచ్చాను. కింద వంటగది, దానికి దగ్గరలోనే దొర చన్నీటి స్నానానికి రాతితో కట్టిన తొట్టి. ఆ వంటగదిలో నిలబడినప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఈ ఇంటి గోడలన్నీ చక్కెరతో లేచాయి అనుకోగానే మీ పుట్టింటి గానుగ కళ్ల ముందు కదిలింది.

తాతయ్య గానుగకు చెరకు పెట్టే ఆయనకు కుడి చేతికి రెండు వేళ్లు ఉండేవి కావు, నీకు గుర్తుందా? నేను భయంగా చూస్తుంటే "గానుగ ముందు కునుకు పనికిరాదమ్మా" అనేవాడు. వెస్టిండీస్ తోటల్లో కోత కాలమంతా గానుగలు రాత్రీ పగలూ తిరిగేవి. నిద్ర లేక తూలిన మనిషి చెయ్యి రోళ్ల మధ్య పడితే, గానుగ ఆపి చెయ్యి తీసే వ్యవధి ఉండదు. అందుకని పక్కన ఒక గొడ్డలి సిద్ధంగా ఉంచేవారు. ప్రాణం దక్కించడానికి చెయ్యి నరికేసేవారు. అది చదివిన రోజు నేను టీలో చక్కెర వేసుకోలేకపోయాను.

ఈ అకృత్యం ఎలా ఆగిందో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. స్కూల్లో మనకు విల్బర్‌ఫోర్స్ పేరు ఒక్కటే చెప్పారు. పార్లమెంటులో మాట్లాడిన పెద్దమనిషి ఆయన, కాదనను. కానీ ఆయన చేతికి సాక్ష్యాలు అందించిన వాడు థామస్ క్లార్క్‌సన్. 1785లో కేంబ్రిడ్జిలో చదువుకుంటూ, ఇష్టం లేని మనిషిని బానిసను చేయడం న్యాయమా అన్న విషయం మీద లాటిన్‌లో వ్యాసం రాసి బహుమతి గెలిచాడు. బహుమతి కోసం మొదలుపెట్టిన చదువు అతన్ని వదల్లేదు. గుర్రం మీద లండన్ వెళుతూ వేడ్స్‌మిల్ అనే ఊరి దగ్గర దిగి, దారి పక్కన కూలబడ్డాడు. నేను రాసింది నిజమే అయితే దీన్ని ఎవరో ఒకరు అంతు చూడాలి కదా అనుకున్నాడు. అప్పటికి పాతికేళ్లవాడు. 1787 మే 22న లండన్‌లో ఒక అచ్చాఫీసులో అతనితో కలిపి పన్నెండు మంది కూర్చుని బానిసల వ్యాపారం మాన్పించడానికి సంఘం పెట్టారు. అందులో తొమ్మిది మంది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వారు.

సాక్ష్యాల కోసం అతను మొదట వచ్చిన పెద్ద రేవుల్లో మా బ్రిస్టల్ ఒకటి. సెవెన్ స్టార్స్ అనే సారాయి దుకాణం ఇప్పటికీ ఉంది, ఆసుపత్రి నుంచి ఇంటికి నడిచి వచ్చేటప్పుడు దాని సందు మీదుగానే వస్తాను. ఆ దుకాణం యజమాని క్లార్క్‌సన్‌ను అర్ధరాత్రి వేళ రేవు వీధులన్నీ తిప్పాడు. కుర్రాళ్లకు తాగించి, అప్పుల్లో ముంచి, ఆ మైకంలోనే బానిసల ఓడలు ఎలా ఎక్కిస్తున్నారో కళ్లారా చూపించాడు. క్లార్క్‌సన్ ఓడల చిట్టాలు తిరగేసి, ఇరవై వేల మంది నావికుల గతి ఏమయిందో ఒక్కొక్కటిగా రాసుకున్నాడు. బానిసల వ్యాపారం మన నావికులకు మంచి శిక్షణ అని పార్లమెంటులో చెప్పేవారి నోరు ఆ లెక్కలతో మూయించాడు. లివర్‌పూల్‌లో ఒక దుకాణం కిటికీలో పెట్టి అమ్ముతున్న సంకెళ్లు, బొటనవేళ్లు నొక్కే మరలు, తిండి మానేసిన వాడి పళ్లు విడదీసి నోరు తెరిచే ఇనుప పరికరం కొన్నాడు. అదే ఊళ్లో ఇతన్ని రేవు గట్టు మీద నుంచి సముద్రంలోకి తోసేయడానికి కొందరు చుట్టుముడితే, గుంపును చీల్చుకుని తప్పించుకున్నాడు. ఏడేళ్లలో 35 వేల మైళ్లు తిరిగాడు. వెంట ఒక చెక్క పెట్టె ఉండేది. అందులో ఆఫ్రికా వారు నేసిన బట్ట, మిరియాలు, దంతం, తోలు పనులు పెట్టుకుని ఊరూరా చూపించేవాడు. వీళ్లు చేతిపని తెలిసిన మనుషులు, వీళ్లతో సరుకు వ్యాపారం చేయండి, వీళ్లనే సరుకు చేయకండి అని. ఆ పెట్టె అతను పుట్టిన విస్‌బెచ్ ఊరి మ్యూజియంలో ఉంది. సెలవు దొరికితే వెళ్లి చూడాలి.

అమ్మా, ఇప్పుడు నీకు నచ్చే సంగతి చెబుతాను. 1791లో పార్లమెంటు బానిసల వ్యాపారం ఆపే బిల్లును 163కు 88 ఓట్లతో తోసేసింది. అప్పుడు జనం చక్కెర మానేశారు. ఆడవాళ్లకు ఓటు లేదు, సభలో చోటు లేదు, కానీ వంటింట్లో చక్కెర డబ్బా వాళ్ల చేతిలోనే ఉంది. విలియం ఫాక్స్ అనే ఆయన కరపత్రం వేసి లెక్క చెప్పాడు: వారానికి 5 పౌండ్లు, అంటే సుమారు రెండుంపావు కిలోల చక్కెర వాడే కుటుంబం 21 నెలలు మానేస్తే ఒక మనిషి బానిస కాకుండా, చావకుండా ఉంటాడని. దాదాపు మూడు లక్షల మంది మానేశారని క్లార్క్‌సన్ అంచనా. కాశీలో నువ్వు వంకాయ వదిలి వచ్చాక ఎంతమంది ఇళ్లలో భోజనానికి కూర్చున్నా విస్తట్లో వేయనివ్వలేదే, నేను వాళ్లను అలాగే ఊహించుకున్నాను.

లీసెస్టర్‌లో ఎలిజబెత్ హేరిక్ అనే ఆవిడ ఇంటింటికీ తిరిగి మరోసారి ఆ పని చేయించింది. మగ నాయకులంతా "క్రమంగా, మెల్లగా" అంటుంటే, 1824లో ఆవిడ "వెంటనే" అని కరపత్రం రాసింది. ఆడవాళ్లు ఇలా సంఘాలు పెట్టి తిరగడం విల్బర్‌ఫోర్స్‌కు నచ్చలేదు. కానీ ఉద్యమానికి వచ్చే చందాల్లో చెప్పుకోదగ్గ భాగం వీళ్ల సంఘాలే తెచ్చేవి. ఆ "క్రమంగా" అన్న మాట తీయకపోతే డబ్బు ఇవ్వమన్నారు. 1830లో తీసేశారు. 1833లో ఆడవాళ్లు ఇచ్చిన విన్నపం మీద 1 లక్షా 87 వేల సంతకాలు. ఆ చుట్టను సభలోకి మోయడానికి నలుగురు కావలసి వచ్చింది. హేరిక్ మాత్రం అది చూడకుండానే 1831లో పోయింది. ఆవిడ పేరు మనకు బడిలో ఎందుకు చెప్పలేదో అని నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

బానిసలు చేతులు కట్టుకుని ఎదురు చూశారని అనుకోకు. ఒలౌడా ఎక్వియానో అనే బానిస తన వెల తానే చెల్లించి 1766లో విడుదలయ్యాడు. జోంగ్ అనే ఓడలో 1781లో 130 మందికి పైగా మనుషులను సముద్రంలోకి విసిరేసి, సరుకు పోయిందని బీమా సొమ్ము అడిగారన్న వార్తను లండన్‌లో బానిసల తరఫున పోరాడే గ్రాన్‌విల్ షార్ప్‌కు చేరవేసింది ఎక్వియానోనే. కోర్టులో అది హత్య కేసు కాలేదు, బీమా కేసుగానే నడిచింది. 1789లో తన జీవిత కథ అచ్చు వేయించి ఊరూరా తిరిగి అమ్ముకున్నాడు. తర్వాత 1831లో మేరీ ప్రిన్స్ అనే స్త్రీ కథ వచ్చింది. ఉప్పు మడుల్లో గంటల తరబడి నిలబడితే కాళ్లు పుళ్లు పడి ఎముక దాకా తిన్నాయని చెప్పుకుంది. అలాంటి కాళ్లకు రోజూ కట్టు కట్టే దాన్ని కాబట్టి ఆ పేజీ నాకు మరీ బాగా అర్థమయింది. అదే ఏడాది క్రిస్మస్ నాడు జమైకాలో శామ్ షార్ప్ పిలుపు మీద వేలమంది పని ఆపేశారు. అది తిరుగుబాటయింది. 300 మందికి పైగా చంపేశారు, శామ్ షార్ప్‌ను 1832 మేలో ఉరి తీశారు. ఇక ఈ తోటలు నడవవన్న భయం లండన్‌కు అప్పుడు పట్టుకుంది.

చట్టాల సంగతి క్లుప్తంగా రాస్తాను. 1807లో మనుషుల కొనుగోలు, రవాణా ఆపారు. ఉన్న బానిసలు బానిసలుగానే ఉన్నారు. 1833లో విముక్తి చట్టం వచ్చింది, అది నెగ్గడం ఖాయమని తెలిసిన మూడు రోజులకు విల్బర్‌ఫోర్స్ కన్నుమూశాడు. 1834 ఆగస్టు 1న అమలయింది. కానీ ఆరేళ్లు దాటిన వారంతా "పని నేర్చుకునేవారు" అన్న పేరుతో పాత యజమాని దగ్గరే వారానికి 40 గంటలకు పైగా జీతం లేకుండా పని చేయాలన్నారు. పుట్టినప్పటి నుంచి చేస్తున్న పనిలో ఇంకా ఏం నేర్చుకోవాలి? ఉద్యమకారులు మళ్లీ పోరాడితే 1838లో అదీ పోయింది.

నా గుండె మండింది పరిహారం దగ్గర. 2 కోట్ల పౌండ్లు ఇచ్చారు. అప్పట్లో ప్రభుత్వం ఏడాది ఖర్చులో 40 శాతం. ఇచ్చింది ఎవరికి? యజమానులకు. విడుదలైన ఎనిమిది లక్షల మందికి ఒక్క పెన్నీ లేదు. దానికోసం చేసిన అప్పు మారుతూ మారుతూ 2015లో పూర్తిగా తీరిందట. నేను 2011లో వచ్చాను. నాలుగేళ్లు నా జీతంలో కోసుకున్న పన్నులో ఎంతో కొంత ఆ బాకీకి పోయింది. నాతో పనిచేసే జమైకా నర్సు ఉంది, ఆవిడ ముత్తవ్వలను కట్టేసిన వారికి ఆవిడ జీతం నుంచీ పోయింది. ఆ పరిహారం తీసుకున్న వారి పేర్లు, చిరునామాలు లండన్ యూనివర్సిటీ కాలేజీ వారు వెబ్‌సైట్‌లో పెట్టారు. క్లిఫ్టన్ అని మా పక్క పేట పేరు కొట్టి చూస్తే ఎన్నెన్ని ఇళ్లో! వితంతువులు కూడా ఉన్నారు.

నువ్వు టీవీలో చూసిన విగ్రహం గుర్తుందా, 2020 జూన్‌లో జనం లాగి నీళ్లలో పడేశారు? బానిసల వ్యాపారి కోల్‌స్టన్‌ది అది. పడేసింది ఈ పెరో వంతెన పక్కనే. ఇప్పుడు ఇక్కడి మ్యూజియంలో, పూసిన రంగులు కూడా తుడవకుండా, వెల్లకిలా పడుకోబెట్టి ఉంచారు.

మన సంగతి రాయకుండా ముగించలేను. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో నీలం గాజు చక్కెర గిన్నె ఒకటి ఉంది. దాని మీద బంగారు అక్షరాలతో "ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసినది కాదు" అని రాసి ఉంటుంది. అంటే మన దేశపు చక్కెర. అక్కడి ఆడవాళ్లు మంచి మనసుతోనే కొన్నారు. కానీ 1833 చట్టం కుంపిణీ ఏలుబడిలోని మన దేశానికి వర్తించదని అందులోనే రాశారు. మలబారులో పొలంతో పాటు మనుషులను అమ్ముతూనే ఉన్నారు. మనకు చట్టం 1843లో వచ్చింది.

బానిసలు తోటలు వదిలాక దొరలకు పనివాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో తెలుసా? మన తీరం నుంచి కూడా. 1834 నవంబరులో మొదటి ఒప్పందపు కూలీల ఓడ కలకత్తా నుంచి మారిషస్ చేరింది. తర్వాత కోరంగి, విశాఖపట్నం రేవుల నుంచీ వెళ్లాయి. ఐదేళ్ల ఒప్పందం, నెలకు 5 రూపాయలు. మన వాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు. ఉద్యమకారులు ఇదీ బానిసత్వమే అని గొడవ చేస్తే 1839లో ఆపి, 1842లో మళ్లీ తెరిచారు. మొత్తం మీద నాలుగున్నర లక్షల మందికి పైగా మన దేశస్థులు ఆ దీవిలో దిగారు. ఇన్నాళ్లూ ఇది వేరే వాళ్ల కథ అనుకున్నాను. వేరే వాళ్లు ఖాళీ చేసిన గుడిసెల్లోనే మన వాళ్లు కాపురం పెట్టారు.

అందుకే నీకు ఒక పని అప్పగిస్తున్నాను. రంగం, అంటే రంగూన్, వెళ్లిన వారి కథలు అమ్మమ్మ చెప్పేది కదా. అంతకు ముందు ఇంకా దూరం ఓడెక్కి, తిరిగి రాని వారి మాట ఊళ్లో ఎవరికైనా గుర్తుందేమో మామయ్యను అడగమను. రామాలయం అరుగు మీద కూర్చునే పెద్దవాళ్లను కూడా అడగమను. ఇంటిపేరు, ఊరు తెలిస్తే చాలు. మారిషస్‌లో మోకా అనే చోట మహాత్మా గాంధీ సంస్థ దగ్గర ఆనాటి కూలీల దస్తరాలు ఉన్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, దిగిన తేదీ రాసి ఉంటాయి. వాళ్లకు నేను ఉత్తరం రాస్తాను.

సంక్రాంతి పార్సిల్‌లో బెల్లం కాస్త ఎక్కువ పెట్టు. జమైకా నర్సుకు ఇస్తానని మాట ఇచ్చాను. వాళ్ల అమ్మమ్మ కూడా ఇంట్లో బెల్లం వండేదట.

నాన్నగారి బీపీ మాత్రలు మానకుండా చూడు.

నీ పెద్దమ్మాయి