సానరాయి మీద నంబరు ఎందుకు ఉండదు?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో వంటింటి కత్తుల మీద వచ్చిన వ్యాసం గురించి ఇది. ఆలస్యమైనా రాయక తప్పడం లేదు. సాన పట్టడానికి నేరుగా 8000 గ్రిట్ (రాయి రేణువులు ఎంత సన్నవో చెప్పే నంబరు) రాయి కొనమని పాఠకులకు ఎలా చెబుతారు? మొద్దుబారిన కత్తిని దాని మీద ఎంతసేపు రుద్దినా మెరుపు వస్తుంది తప్ప పదును రాదు. నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు. అంచు పెచ్చులూడితే 220 నుంచి 400, మామూలుగా మొద్దుబారితే 800 లేదా 1000తో మొదలుపెట్టాలి. రుద్దుతుంటే అవతలివైపు అంచు పొడవునా సన్నటి గరుకు వేలికి తగులుతుంది. అది రాకముందే నున్నటి రాయికి మారితే శ్రమంతా దండగ. ఆ తర్వాత కావాలంటే 3000. మన ఇళ్లలోని మెత్తటి స్టీలు కత్తులకు అంతకు మించి అక్కర్లేదు. అంచు మరీ నున్నబడితే టమాటా తొక్క మీద జారిపోతుంది కూడా.

కత్తిపీట ఊసే ఎత్తలేదు మీరు. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో కూరలు తరిగేది దాని మీదే. వంపు తిరిగిన ఆ అంచును బల్ల మీది రాయికి రుద్దలేం. చిన్న రాయి చేత పట్టి అంచు వెంబడే నడపాలి.

బజారులో పరిస్థితి ఇంకా అన్యాయం. హార్డ్‌వేర్ షాపులో రెండువైపుల రాయి అడిగితే పెట్టె మీద కోర్స్ (గరుకు), ఫైన్ (నునుపు) అని రెండు మాటలుంటాయి, నంబరుండదు. ఆన్‌లైన్‌లో 1000 అని రాసినా అది ఏ దేశపు లెక్కో చెప్పరు. జపాన్ లెక్కలో 1000 రాయి రేణువు సగటున 11 నుంచి 15 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). యూరప్ ఉప్పుకాగితం లెక్కలో పి1000 అంటే సగటున 18 పైనే. ధర, తయారీదారు చిరునామా ముద్రించాలని నిబంధన పెట్టినవాళ్లకు గ్రిట్ ఎందుకు పట్టదు? అడుగుదామని ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్తే తమ పరిధి కాదని పంపేశారు. ఏది అడిగినా ఇదే జవాబు!

మార్కెట్ల దగ్గర కరెంటు చక్రం మీద నిప్పురవ్వలు ఎగిరేలా కత్తులు అరగదీస్తున్నారు. వేడికి అంచు నీలంగా మారిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఆ పదును నిలవదు. ఆ పనివాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లకు నేర్పినవాళ్లెవరు? నైపుణ్య శిక్షణ పేరుతో ఏటా ప్రకటనలిచ్చే ప్రభుత్వాలకు వీళ్లు కనబడరా?

దయచేసి ఆ 8000 సలహాకు సవరణ వేయండి. ఇప్పటికే కొన్నవాళ్లుంటే, ముందు 1000 రాయి ఒకటి తెచ్చుకోమని చెప్పండి.

– ఒక పాఠకుడు, విజయవాడ